తితాన్ చేతిలో ఏం పెట్టాలి?

ఆ శనివారం ఒక్క కోత కూడా కోయకూడదని ఒట్టు పెట్టుకుని మరీ బారుకి వచ్చాడు తితాన్. గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఉన్న చొక్కాల్లో గుండీలన్నీ ఉన్నదాన్ని వెతికి వేసుకున్నాడు. దానిమీద చేతుల్లేని ఉన్ని కోటు తొడిగాడు. ఇంటి దగ్గర అద్దం ముందు నిలబడి, "ఇవాళ నోరు మూసుకో, తితాన్" అని తనకి తానే గట్టిగా చెప్పుకున్నాడు కూడా. అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో ఆ మాట అతనికి చెప్పినవాళ్ళు వెయ్యిమంది ఉంటారు గానీ, అతనే చెప్పుకోవడం ఇదే మొదలు.

దానికి కారణం లేకపోలేదు. క్రిస్మస్‌కి ఇంటింటా పేర్చే పశువుల పాకలోకి మట్టిబొమ్మలు చెయ్యడం ఒబాన్య ఊరి పని. చేపలమ్మి, రొట్టెలవాడు, కత్తులు సానబట్టేవాడు, డోలు వాయించేవాడు, అందరూ ఆ ఊరి మనుషుల్లాగే ఉంటారు. తలా ఒక కానుక పట్టుకుని బాలయేసు తొట్టె దగ్గరికి నడుస్తుంటారు. ఆ బొమ్మలు చేసే దెల్ఫీన్ రూబియో పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి, ఈ ఏడు ఒక కొత్త బొమ్మ చేస్తున్నాననీ, అది ఈ ఊళ్ళో బతికున్న మనిషిదేననీ, ఎవరిదో శనివారం మధ్యాహ్నం రొజలీ బారులో చెబుతాననీ అంది. షరతు ఒక్కటే. ఎవరి చేతి పని వాళ్ళ చేతిలో ఉండాలి. ఒట్టి చేతులెత్తి నోరెళ్ళబెట్టే అమాయకుడు ఒకడు ప్రతి పాకలోనూ ఎప్పట్నించో ఉన్నాడు, రెండోవాడు అక్కర్లేదంది.

ఆ మాట విన్న దగ్గర్నించీ తితాన్‌కి అన్నం సయించలేదు. నలభై రెండేళ్ళు ఆ బొమ్మల కొట్లోనే, ముందు దెల్ఫీన్ తండ్రి దగ్గరా, తర్వాత ఆమె దగ్గరా మట్టి తొక్కాడు. అచ్చు నొక్కినవాళ్ళ గుర్తు బొమ్మ అడుగున ఉంటుంది. రంగులేసినవాళ్ళ పేరు ఉంటుంది. తొక్కినవాడి పేరు ఎక్కడా ఉండదు. తన కాళ్ళ కిందనుంచి లేచిన బొమ్మలన్నీ ఎవరెవరి ఇళ్ళలోనో పండగ చేసుకుంటున్నాయి, తను మాత్రం ఆ గుంపులో లేడు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు గానీ లోపల మాత్రం ముల్లులా ఉండిపోయింది. ఒక్కసారి, ఒక్క బొమ్మగా, ఆ పాకలో నిలబడాలని అతని కోరిక.

బారు కిక్కిరిసి ఉంది. బయట మిస్త్రాల్, ఉత్తరాన్నించి వీచే చలిగాలి, తలుపుల్ని బాదుతోంది. రొజలీ అందరికీ సోంపు సారా పోసి, నీళ్ళ కూజాలు బల్లల మీద పెడుతోంది. కిటికీ పక్కన దెల్ఫీన్ కాఫీ తాగుతోంది, గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రమట్టి. ఆమెకి ఎదురుగా, ముందే వచ్చి చోటు పట్టుకున్నాడు రొట్టెల కొట్టు ఫెరియోల్. వారం రోజులుగా పొద్దున్నే ఆమె గుమ్మంలో వేడివేడి ఆలివ్ రొట్టె పెట్టి వెళ్తున్న మనిషి. పాకలో రొట్టెలవాడి బొమ్మ ఉన్నమాట నిజమే గానీ, దానికి మీసాలూ లేవు, పొట్టా లేదు, తన పోలికే లేదని ఫెరియోల్ బాధ.

తితాన్ వచ్చి, అందరికీ తలాడించి, మూలనున్న కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. పావుగంట గడిచింది. ఒక్క మాట లేదు.

"ఏం తితానూ, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు ఫెరియోల్. "పోనీ డాక్టర్ని పిలవమంటావా?"

తితాన్ నవ్వి ఊరుకున్నాడు.

"నాకో అనుమానం," అని ఫెరియోల్ అందరివైపూ తిరిగాడు. "ఒకవేళ దెల్ఫీనమ్మ ఇతన్నే బొమ్మ చేసిందనుకో, చేతిలో ఏం పెడుతుంది? రొట్టెలవాడికి రొట్టె, చేపలమ్మికి చేప. ఇతనికేం పెట్టాలి? కాస్త గాలి మూటగట్టి పెట్టాలి."

బారంతా గొల్లుమంది. తితాన్ దెల్ఫీన్ వైపు చూశాడు. ఆమె నవ్వలేదు, కాదనీ అనలేదు, కాఫీలో చెంచా తిప్పుతూ కూర్చుంది. కాదని ఒక్క మాట అని ఉంటే బాగుండేది. తితాన్‌కి ఒళ్ళు మండింది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాడు.

"గాలంటావేంట్రా!" అని కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "నేను బొమ్మలు చెయ్యలేదనుకుంటున్నారా మీరంతా? మీకెవరికీ తెలీదు. ఎందుకు తెలీదు? గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు గనక."

రొజలీకి పొలమారింది.

"ఆ యేడు, దెల్ఫీనూ, నువ్వింకా మీ నాన్న బల్ల కింద కూర్చుని మట్టి తినే వయసులో ఉన్నావు. క్రిస్మస్ బొమ్మల సంత రెండ్రోజులుందనగా మీ నాన్నకి రెండు చేతులూ వాచిపోయినై, వేళ్ళు ముడవడానికి లేదు, అచ్చులు నొక్కేవాళ్ళంతా జ్వరాలతో పడ్డారు, ఇంకా కాపరులూ, చేపలమ్మిలూ, అన్నీ కలిపి వంద బొమ్మలు కావాలి. ఆయన తలపట్టుకుని, 'తితానూ, ఇక ఈ ఏడు క్రిస్మస్ లేదురా' అన్నాడు. నేనన్నా, 'లేకపోవడమేంటి, మీరు పోయి పడుకోండి' అన్నా. కాళ్ళు కడుక్కుని, చొక్కా చేతులు మడిచి, అచ్చు ముందు కూర్చున్నా. పొద్దుగూకేసరికి నూట యాభై!"

"వంద కదా కావాల్సింది?" అన్నాడు ఫెరియోల్.

"చెయ్యి ఆగితేగా! ఆపుదామంటే ఆగలేదు. తెల్లారేసరికి రెండొందలు. అదీ గొర్రెల్ని లెక్కెయ్యకుండా. గొర్రెల్ని ఎడంచేత్తో చేశా."

"రెండు చేతులతోనూ వేరేవేరే బొమ్మలా?"

"అచ్చులు రెండున్నప్పుడు చేతులు రెండూ పనిచెయ్యాలా వద్దా? నువ్వు ఒక చేత్తో పిండి కలుపుతూ రెండో చేత్తో మీసం దువ్వుకోవూ? మీ కొట్లో రొట్టె కొన్న ప్రతివాళ్ళకీ తెలుసు ఆ సంగతి."

ఈసారి నవ్వు ఫెరియోల్ మీదకి పోయింది. దాంతో తితాన్‌కి ఊపిరందింది. దెల్ఫీన్ వైపు ఓ చూపు వేశాడు. వింటోంది. బాగా వింటోంది. ఇక అతన్ని ఆపడం ఆ దేవుడి తరం కూడా కాదు.

"సరే, చేశాను. అది పెద్ద విషయం కాదు, ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేపలమ్మి బొమ్మ ఉంది చూశారూ, దాని బుట్టలో చేపలు, ఒక్కో చేపా గోరంత కూడా ఉండదు, ఆ చేపలు ఎంత నిజంగా వచ్చాయంటే తెల్లారి తలుపు తీసేసరికి గుమ్మం నిండా పిల్లులు! మన పిల్లులు కాదండోయ్. నేను ఒక్కో పిల్లినీ పట్టి చూశా. కస్సీ రేవు పిల్లులు!"

"కస్సీ నించి కొండ దాటి ఎలా వచ్చాయి?" అంది రొజలీ.

"మొదటి బస్సులో. కండక్టరు ఇప్పటికీ చెప్తాడు, నలభై పిల్లులు, ఒక్కటి టిక్కెట్టు కొంటే ఒట్టు!"

"మరి నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? చేపలమ్మిని బల్ల సొరుగులో పెట్టి తాళం వేశా. పిల్లులు పోయాయి. హమ్మయ్య అనుకునేలోపల ఇటు చూద్దును కదా, కత్తులు సానబట్టేవాడి బొమ్మ ముందు ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు, తలా ఒక కూరగాయల కత్తి పట్టుకుని! ఎంతసేపు వద్దంటాను? పదకొండు గంటలకల్లా ఊళ్ళో మొద్దు కత్తనేది లేదు. ఇక రొట్టెలవాడి బొమ్మ సంగతి చెప్పాలా?" తితాన్ ఫెరియోల్ భుజం మీద చెయ్యేశాడు. "చెబితే నువ్వు బాధపడతావేమో."

"చెప్పి చావు."

"ఆ బొమ్మ చేతిలో రొట్టె, ఇంతే, కందిగింజంత, దాని వాసన చర్చి దాకా కొట్టింది. జనం మీ నాన్న కొట్టు ముందు నించే మా కొట్టుకి వచ్చి, ఊరికే పీల్చుకుని, కడుపు నిండి ఇంటికి పోయారు. ఆ యేడు సంత వారంలో మీ నాన్న కొట్టు ఎందుకు మూసేశాడో ఎప్పుడన్నా అడిగావా?"

"పన్ను పీకించుకున్నాడు!"

"నీకు అలా చెప్పాడు. తండ్రన్నవాడు కొడుకుతో ఇంకేం చెప్పగలడు?"

జనం బల్లలు బాదుతున్నారు. వెనక వరసలో వాళ్ళు కుర్చీలెక్కారు. ఫెరియోల్ కోపంగా ఏదో అనబోయి, మీసాల చాటున నవ్వు ఆపుకోలేక ముక్కు చీదుకున్నాడు. తితాన్ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇంత బాగా అతను ఎప్పుడూ చెప్పలేదు. చెబుతున్న కొద్దీ తనే నిజంగా ఆ బొమ్మలు చేసినట్టు, ఆ అచ్చుల చల్లదనం అరచేతికి తగులుతున్నట్టు అనిపిస్తోంది. ఆ సంతోషంలో జాగ్రత్త అనేది మర్చిపోయాడు.

"అసలు సంగతి ఇంకా ఉంది. సంత రోజు. రెండొందల బొమ్మల్నీ మెట్లు మెట్లుగా పేర్చాను. డోలువాడు పై వరసలో ఉన్నాడు. నేను ఇటు తిరిగానో లేదో, వెనకనించి 'ఢం' అని చప్పుడు. తిరిగి చూస్తే ఏముంది? డోలువాడి చెయ్యి ఆడుతోంది! వాడు ఢం అనేసరికి కాపరి అడుగేశాడు, కాపరి కదిలేసరికి గొర్రెలు, గొర్రెల వెనక మిల్లువాడు, మొత్తానికి మొత్తం బల్ల దిగి వీధిలో పడ్డారు. రెండొందల మంది! చౌరస్తాలో పోలీసు ఈల వేసి లారీలు ఆపేశాడు. ఆపడా మరి? క్రిస్మస్ కాబట్టి ఊరుకున్నాడు గానీ, ఊరేగింపుకి అనుమతి కాగితం ఉందా అని నన్ను అడిగాడు కూడా."

"ఏం చెప్పావు?"

"ముందు వరసలో బొమ్మ మేయరుగారు కూడా నడుస్తున్నారు, ఆయన్నే అడగమన్నా. సెల్యూట్ కొట్టి పక్కకి తప్పుకున్నాడు. నేను వెనకాల పరుగు. ఒక గొర్రెపిల్ల అలిసిపోతే జేబులో వేసుకున్నా. చలికి పాపం వణుకుతుందేమో అనుకుంటే, దాని ఒంటి నిండా ఉన్ని! మట్టి గొర్రెకి ఉన్ని! తర్వాత వేసవిలో కత్తిరించి నేయించుకున్నదే ఈ కోటు." తితాన్ లేచి నిలబడి, కోటు ముందు వెనక తిప్పి చూపించాడు.

"ఆ కోటు పోయినేడు బుధవారం సంతలో కొన్నావు," అంది రొజలీ. "పక్కన నేనే ఉన్నా. పెద్దదైందని గొడవపడ్డావు కూడా."

"అది దీని తమ్ముడు. అడ్డు రాకు, తల్లీ. ఎక్కడున్నాను? ఆఁ, మార్సెయ్ దారిలో! డోలు ముందు, జనం వెనక, చీకటి పడకుండానే మార్సెయ్ రేవు చేరారు. ఇప్పుడు ఎదురుగా సముద్రం. నేను అరిచాను, 'ఆగండ్రా, పడవ మాట్లాడతాను' అని. ఆగితేనా? వాళ్ళకి తొందర, తొట్టె దగ్గరికి చేరాలి, అసలు బెత్లెహేముకే పోవాలి! నా కళ్ళతో చూశాను, పసుపు కొమ్మంత మనుషులు, వరసగా నీళ్ళలో దిగి..."

"తితానన్నా," అంది దెల్ఫీన్. ఆ మధ్యాహ్నం ఆమె నోరు విప్పడం అదే మొదలు. "ఒక్కమాట అడగనా?"

"అడుగు తల్లీ, నీకన్నా ఎక్కువా!"

"ఆ బొమ్మలు కాల్చినవా, పచ్చివా?"

"కాల్చడమేంటి!" అన్నాడు తితాన్, గుండె విరుచుకుని. "మీ నాన్న కాలంలో బట్టీ ఎక్కడిది? ఎండబెట్టడం, రంగెయ్యడం, అంతే. శుద్ధ పచ్చిమట్టి. నా కాళ్ళతో తొక్కిన మట్టి!"

"నీళ్ళలో దిగాయి."

"దిగాయి."

"మడమల దాకా."

"మడమలేంటి, నడుముల దాకా!"

దెల్ఫీన్ కాఫీ కప్పు పక్కకి జరిపింది. "పచ్చిమట్టి నీళ్ళలో పెడితే ఏమవుతుందో ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు, తితానన్నా. నలభై రెండేళ్ళు తొక్కినవాడివి. నీకు తెలీదా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అందరికీ అర్థమైంది.

"కరిగిపోయారు!" అని ఫెరియోల్ బల్ల మీద గుద్దాడు. "రెండొందల మందీ మార్సెయ్ రేవులో బురదైపోయారు! మేయరుతో సహా!"

నవ్వులకి కిటికీ అద్దాలు అదిరాయి. ఎవరో కుర్చీ మీదనుంచి కింద పడ్డారు, పడి అక్కడే నవ్వుతున్నారు. మామూలుగా అయితే తితాన్ కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడే. పిల్లుల దగ్గరో, కోటు దగ్గరో పట్టుబడితే అతనికి లెక్కలేదు. కానీ మట్టి దగ్గర పట్టుబడ్డాడు. తనకి తెలిసింది లోకంలో అదొక్కటే. దాని దగ్గరే తప్పాడు, అదీ ఎవరి ముందు తప్పకూడదో ఆమె ముందే. తల కొట్టేసినట్టయింది. మెల్లిగా టోపీ అందుకున్నాడు.

"కూర్చో," అంది దెల్ఫీన్.

కూర్చున్నాడు.

"అబద్ధాలన్నీ అయిపోయాయిగా. ఇప్పుడు చెప్పు, మా కొట్లో నువ్వు చేసిన బొమ్మలెన్ని?"

తితాన్ టోపీ చేతుల్లో తిప్పాడు. "ఒక్కటీ లేదు." అని, అది మరీ చిన్న లెక్కనిపించిందో ఏమో, "ఒకసారి మీ నాన్న అచ్చు చేతికిచ్చాడు. గొర్రె. నాలుగు కాళ్ళలో మూడు అచ్చులోనే ఉండిపోయాయి. ఇంక నువ్వు తొక్కుకోరా నాయనా అన్నాడు" అన్నాడు.

మళ్ళీ నవ్వారు గానీ, ఈసారి ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు.

"మరి నలభై రెండేళ్ళు ఏం చేశావు?"

"రాళ్ళు ఏరాను."

తితాన్ చెప్పుకుపోయాడు, అలవాటు లేని మెల్లని గొంతుతో. "గుంట నించి వచ్చే మట్టిలో రాళ్ళుంటాయి కదా. పెద్దవి ఎవడైనా ఏరతాడు. ఆవగింజంతవి ఉంటాయే, తెల్లవి, అవి కంటికి ఆనవు. పాదానికే తెలియాలి. అందుకే చలికాలంలో కూడా మేజోళ్ళు వేసుకునేవాణ్ణి కాదు. ఒక్క గింజ లోపల ఉండిపోయిందనుకో, బట్టీలో వేడికి అది పేలుతుంది, బొమ్మ పోతుంది, పక్కన నాలుగూ పోతాయి. నువ్వు బట్టీ కట్టించిన దగ్గర్నించీ నాకదే భయం. దెల్ఫీనూ, నీ బట్టీలో రాయి వల్ల ఎప్పుడన్నా బొమ్మ పగిలిందా?"

అడిగేసి, ఎవరో ఒకరు నవ్వుతారని తల దించుకుని కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"ఇరవై రెండేళ్ళు," అంది దెల్ఫీన్. "ఒక్కటీ పగల్లేదు."

"ఒక్కటీనా?" అన్నాడు ఫెరియోల్, ఇది కూడా తితాన్ మాటేనేమో అన్నట్టు.

"నేను చెప్తున్నా. ఒక్కటీ."

తితాన్ చెప్పిన మాటల్లో తీసెయ్యడానికి ఏమీ లేకపోవడం ఆ బారుకి అలవాటు లేదు. ఏం చెయ్యాలో తోచక జనం గ్లాసుల్లోకి చూసుకున్నారు. దెల్ఫీన్ మోచేతులు బల్లకి ఆన్చి, బొమ్మ ముందు కూర్చున్నప్పుడు చూసేలాంటి చూపుతో తితాన్‌ని పైనించి కిందికి చూసింది.

"పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి ఉంటుంది. చెప్పులుండవు. కుడి అరచెయ్యి ముందుకి చాచి, అందులో నాలుగు రాళ్ళు. ఈ ఏడు కొత్త బొమ్మ ఇదే."

తితాన్‌కి ఆమె ఎవరి గురించి మాట్లాడుతోందో తెలియడానికి కాసేపు పట్టింది. తెలిశాక కళ్ళలో నీళ్ళు ఆగలేదు. తుడుచుకోవడానికి రుమాలు వెతుక్కుని, దొరక్క, కోటుతోనే తుడుచుకున్నాడు. రొజలీ అడక్కుండానే అందరి గ్లాసులూ నింపింది.

"అదేంటమ్మా!" అన్నాడు ఫెరియోల్, వారం రోజుల ఆలివ్ రొట్టెలు కళ్ళ ముందు కదలగా. "పుట్టిన బిడ్డకి ఎవరన్నా రాళ్ళు కానుకగా పట్టుకెళ్తారా?"

"పసివాణ్ణి పడుకోబెట్టే ముందు ఆ గడ్డిలోంచి ఎవరో ఒకరు రాళ్ళు ఏరాలి కదా, ఫెరియోల్," అంది దెల్ఫీన్.

ఫెరియోల్ మీసం తడుముకుంటూ, "అది నిజమే," అన్నాడు. తన గ్లాసు తీసుకుని వచ్చి తితాన్ పక్కన కూర్చున్నాడు.

"మరి నోరు?" అంది రొజలీ.

"తెరిచే ఉంటుంది. మూసి చేస్తే ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు."

ఆ నవ్వుల మధ్య తితాన్ మళ్ళీ మనిషయ్యాడు. వెన్ను నిటారుగా పెట్టాడు. టోపీ సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "దెల్ఫీనూ, ఒక్క మాట. ఎత్తు సంగతి ఆలోచించావా? మార్సెయ్ నించి కూడా జనం చూడ్డానికి వస్తారు, వెనకాల నిలబడ్డవాళ్ళకి కనపడాలి. కనీసం ఒక మూరెడన్నా..."

"ఏడు సెంటీమీటర్లు. అందరిలాగే."

ఫెరియోల్ గ్లాసు పైకెత్తాడు. "తాగండర్రా! తితాన్ విషయంలో ఈ ఊరు కొలిచి చెప్పిన మొట్టమొదటి మాట ఇదే!"